వీధివైపు తిప్పిన చెప్పులు

ఎవరింటికి వెళ్ళినా నేను చెప్పులు వీధివైపు తిప్పి విడుస్తాను. గుమ్మం ముందు ఒకసారి వెనక్కి తిరిగి, నిలబడి, అప్పుడు కాళ్ళు బయటికి తీస్తాను. "వచ్చీ రాకముందే పారిపోవడానికి సిద్ధమేమిటండీ?" అని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఇప్పుడు అడగడం మానేసింది. చుట్టాలు మాత్రం ఇప్పటికీ ఓ చూపు చూస్తారు.

మొన్న గుడివాడలో మా అక్కయ్యగారబ్బాయి కొత్త ల్యాప్‌టాప్ కొని, అందులో విండోస్ వేయించాలా లైనక్స్ వేయించాలా అని స్నేహితుడితో తగువు పెట్టుకున్నాడు. నన్ను పంచాయితీకి పిలిచారు. "మావయ్యా, మీరు కంప్యూటర్ల మనిషి కదా, చెప్పండి, ఏది సేఫ్?" అన్నాడు మావాడు. నేను నోరు తెరిస్తే నా మాట రాలేదు, వేరొకరి మాట వచ్చింది. "ఎవడు లోపలికి రాలేడన్నది తర్వాత. నువ్వు బయటికెలా వస్తావు? ముందది చెప్పు" అన్నాను. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది. అన్న మనిషి పోయి కొన్నేళ్ళయింది. ఆ రోజంతా నాకు ఇంకో పని మీద మనసు నిలవలేదు.

బందరులో రోల్డుగోల్డు నగల కొట్టు పైన, మేడ మీద, మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ నిలబడిపోతాయని బెంగపెట్టుకున్న జనం, ఏమీ కాకపోయేసరికి ఊపిరి పీల్చుకుని పిల్లల్ని కోర్సుల్లో చేర్పిస్తున్న రోజులు. నేను గుడివాడ నుంచి పాసింజరు బండిలో వచ్చి విండోస్ నేర్పేవాణ్ణి, పాడైన మిషన్లు బాగుచేసేవాణ్ణి. ఆ మాటన్న అక్క లైనక్స్ నేర్పేది. విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే ఇంకో పద్ధతి అనీ, ఊరికే దొరుకుతుందనీ, నేర్చుకుంటే హైదరాబాదులో ఉద్యోగాలున్నాయనీ చెప్పి ఆ కోర్సులో పిల్లల్ని చేర్చుకునేవాళ్ళం. అయినా నా క్లాసు నిండేది, ఆమె క్లాసు సగం కూడా నిండేది కాదు.

సొంత అక్క కాదు. పిల్లలు మేడం అనేవాళ్ళు, నేను అక్కా అనేవాణ్ణి. సన్నగా పొడుగ్గా ఉండేది. గంజి పెట్టిన నూలు చీర, మగవాళ్ళ వాచీ. గొంతు మాత్రం మేడ దిగి రోడ్డు దాటేది. హంసలదీవి దగ్గర పల్లెలో, సముద్రపు హోరు మీద మాట్లాడుకునే మనుషుల మధ్య పుట్టిన గొంతు మరి. నవ్వడం తక్కువ. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది, ఆ పక్క ఒక్కటే. అది చూడ్డానికే పిల్లలు జోకులు తయారుచేసుకుని వచ్చేవాళ్ళు. చాలాసార్లు చివాట్లు తిని వెళ్ళేవాళ్ళు.

మా ప్రొప్రయిటరుగారు మంచి మనిషి, కానీ కంప్యూటర్లని చూస్తే పాముల్ని చూసినట్టు భయపడేవారు. వైరస్ అనేది చెప్పుల దుమ్ముతో లోపలికి వస్తుందని ఆయన గట్టి నమ్మకం. ఆయనకది ఎవరు చెప్పారో, చెప్పినవాణ్ణి నేను పట్టుకోలేకపోయాను. చెప్పులు బయటే విడవాలని గోడకి బోర్డు కొట్టించారు. పిల్లలు బుద్ధిగా చెప్పులు విడిచి, పట్టా మీద కాళ్ళు తుడుచుకుని, చొక్కా జేబులో ఫ్లాపీలో వైరస్‌ని భద్రంగా లోపలికి తెచ్చేవాళ్ళు.

ఆ రూలు మీద అక్క ఇంకో రూలు పెట్టింది. విడిచిన చెప్పులు వీధివైపు తిరిగి ఉండాలి. ఒక్క జత లోపలివైపు చూస్తూ కనబడినా పాఠం ఆపేసేది.

"ఎవరివిరా అవి?"

"నావే మేడం."

"వెళ్ళి తిప్పిరా."

"ఎందుకు మేడం?"

"పరిగెత్తాల్సొస్తే తిప్పుకుంటూ కూర్చుంటావా?"

ఎందుకు పరిగెత్తాలో ఎవరికీ తెలియదు. కొందరు భూకంపం అనుకున్నారు, కొందరు ఫీజు అడుగుతారనుకున్నారు. మెట్ల పక్కన చెప్పులన్నీ రోడ్డుకేసి బారుగా నిలబడి ఉండేవి. కింద నగల కొట్టుకి వచ్చినవాళ్ళు తలెత్తి చూసి, మేడ మీద ఏం జరుగుతోందని అడిగేవారట.

ఇక తలుపు సంగతి. ఏసీ గది, తలుపు మూసుంటేనే చల్లదనం. అక్క దాన్ని మూయనిచ్చేది కాదు. చచ్చిపోయిన హార్డ్ డిస్కు ఒకటి తలుపు సందులో పెట్టి, తను తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేది. "చలంతా బజార్లోకి పోతోందండీ మేడంగారూ!" అని ప్రొప్రయిటరుగారు మొత్తుకునేవారు. "పోనివ్వండి, బజారువాళ్ళూ మనుషులేగా" అనేది. బస్సెక్కినా తలుపు పక్క సీటే. ఒకసారి మేమిద్దరం ఏదో ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పని మాట్లాడుకోవడానికి వెళ్తే, మేనేజరు గౌరవంగా తన గది తలుపు మూశాడు. అక్క మాట మధ్యలో లేచి, "మీరు మాట్లాడండి, నేను బయటుంటా" అని వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ ఆర్డరు మాకు రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం తిక్క అనుకున్నాను. నాకసలే ముక్కు మీద కోపం.

మా ఇద్దరికీ రోజూ తగువే. నా మిషన్ల మీద అప్పట్లో ఉన్న విండోస్ మొదట్లో పాస్‌వర్డ్ అడిగేది గానీ, ఆ డబ్బా రాగానే ఎస్కేప్ నొక్కితే మారుమాట్లాడకుండా లోపలికి పంపేసేది. నేను భోజనానికి వెళ్ళి వచ్చేసరికి అక్క అలా దూరి, నా తెర రంగు గులాబీకి మార్చి పెట్టేది.

"ఇది తాళం కాదు తమ్ముడూ, గుమ్మం ముందు ముగ్గు. మర్యాద తెలిసినవాడే ఆగుతాడు" అనేది.

"మీ లైనక్స్ వీధిలో జనమే లేరక్కా. జనం లేని వీధికి దొంగెందుకొస్తాడు? వైరస్ రాసేవాడు కూడా నలుగురూ ఉన్న చోటికే వస్తాడు" అనేవాణ్ణి.

"అదీ నిజమే" అనేది. అక్కతో ఉన్న చిక్కే అది. ఒప్పుకోవలసినది వెంటనే ఒప్పుకునేది, దాంతో మనకి తగువులో కాలు నిలవదు. ఒప్పుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. లైనక్స్‌లో ఎవరి గది వాళ్ళదే, ఒకడి గదిలో పురుగు పడితే ఇల్లంతా పాకదు. అన్ని గదులూ తెరవగల అధికారం ఒక్కరికే, ఆ ఒక్కరి పేరు రూట్. మామూలు పనులకి రూట్‌గా లోపలికి వెళ్ళిన పిల్లల్ని వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది.

మా ఇంట్లో మా నాయనమ్మ మడి కట్టుకునేది. ఆమె మడిలో ఉండగా మేం వంటింటి గడప తొక్కితే పెద్ద యుద్ధం జరిగేది. ఒకరోజు పిల్లలకి అర్థమవ్వాలని నేనే సాయంచేశాను. "రూట్ అంటే మడి కట్టుకున్న నాయనమ్మరా. ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు, ఆవిడ మాత్రం వంటిల్లంతా ముట్టుకోవచ్చు" అన్నాను. క్లాసు గొల్లుమంది. అక్క నవ్వలేదు.

"ముట్టుకోనివ్వదు, సరే. ఆవిడే వంటింట్లో పడిపోతే లేపేదెవరు?" అంది.

మా ఇంట్లో అయితే ఏం చేసేవాళ్ళమో నాకిప్పటికీ తెలియదు.

"ఎప్పటికైనా మీ మిషన్లోకి పాస్‌వర్డ్ లేకుండా దూరి చూపిస్తానక్కా" అని పందెం కాశాను ఆ రోజు. "దూరు. దూరిన రోజు నీ విండోస్ క్లాసులో ముందు బెంచీ మీద కూర్చుంటా, పలకా బలపం తెచ్చుకుని" అంది. సొట్ట కనబడింది.

ఆ మిషన్లో ఏముందో మా అందరికీ తెలుసు. వాళ్ళమ్మ ఫొటో ఉంది.

అక్క వాళ్ళ అమ్మానాన్నలు దివిసీమ ఉప్పెనలో పోయారు. అప్పటికామె చిన్నపిల్ల. తర్వాత మంగినపూడి దగ్గర పల్లెలో ఉండే పిన్ని పెంచింది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బందరు వీధులన్నీ తిరిగి పెంచింది. వాళ్ళమ్మ బొమ్మ భూమ్మీద ఒక్కటే మిగిలింది, పిన్ని పెళ్ళి నాటి ఫొటోలో. పందిట్లో జనమంతా నిలబడి తీయించుకున్నది, చివర్న వాళ్ళమ్మ. చెమ్మ పట్టి, సరిగ్గా ఆ చివరే తినేసింది. అమ్మ మొహంలో ఒక పక్క ఉంది, రెండో పక్క తెల్లబడిపోయింది. మా స్కానర్ వచ్చిన కొత్తలో అక్క ఆ ఫొటోని కంప్యూటర్లోకి ఎక్కించింది. తర్వాత ఒక తుఫానుకి పిన్ని ఇంటి కప్పు కారి, అసలు ఫొటో పటంలోనే ముద్దయిపోయింది. ఇక ఉన్నది ఆ మిషన్లోదే.

క్లాసులయ్యాక ఆ ఫొటో తెరిచి, బొమ్మలు దిద్దే ప్రోగ్రాంలో చుక్క చుక్కగా బాగుచేసుకునేది. తెరని గోడవైపు తిప్పుకుని మరీ చేసేది. "అయిందా అక్కా?" అంటే, "ఇంకా లేదు" అనేది. ఏళ్ళ తరబడి అదే జవాబు. ఒక కాపీ ఇవ్వండి, ఇంకోచోట దాచి పెడతానంటే, "అయ్యాక ఇస్తా" అనేది. పిల్లల చేత ప్రతి ఫైలుకీ నకలు తీయించే మనిషి, దానికి మాత్రం తీయలేదు. ఆ పని పూర్తికాకుండా ఆ బొమ్మ ఎవరి కంటా పడడం ఆమెకి ఇష్టం లేదు.

నేను ఉండబట్టలేక ఒకసారి ఉపాయం చెప్పాను. "అంత కష్టమెందుకక్కా? బాగున్న సగాన్ని కాపీ చేసి, తిరగేసి రెండో పక్క అతికిస్తే నిమిషంలో అయిపోతుంది."

మౌస్ వదిలి నావైపు తిరిగింది. "మనిషి మొహం రెండు పక్కలా ఒకేలా ఉంటుందేమిట్రా? అప్పుడది అద్దం అవుతుంది, అమ్మ అవదు. ఆ పక్క ఏముందో నాకు తెలీదు. తెలీనిది ఉన్నట్టు పెట్టను" అంది.

అంతకుముందెప్పుడూ నన్ను ఏరా అనలేదు.

ఒక శనివారం మా పిల్లలకి పోటీ పెట్టాం, విండోస్, లైనక్స్, ఏది సేఫ్ అని. గుడ్లవల్లేరు నుంచి కొంతమంది ఇంజనీరింగ్ పిల్లలు కూడా వచ్చారు. మొదట పిల్లలు మాట్లాడారు, తర్వాత మమ్మల్ని ఎగదోశారు. నేను నావైపు చెప్పవలసినదంతా చెప్పాను. తప్పు బయటపడితే దిద్ది పంపడానికి పెద్ద కంపెనీ ఉంది, ఏం చెయ్యాలో అడగడానికి వీధికొక మనిషి ఉన్నాడు, మీ లైనక్స్ పాడైతే బందరులో మేడం ఒక్కరే దిక్కు అన్నాను. చప్పట్లు కొట్టారు. అక్క లేచింది. లోపలి రాత అంతా అందరికీ కనబడుతుంది కాబట్టి తప్పు దాగదంది, ఎవరి హద్దులో వాళ్ళుంటారంది, అనుమతి లేనిదే ఏదీ నడవదంది. ఇంజనీరింగ్ పిల్లలు ఈలలు వేశారు. గెలిచేసిందనుకున్నాను. అప్పుడు ఆగి అడిగింది.

"ఇందాకట్నుంచీ అందరం ఒకటే మాట్లాడుతున్నాం. ఎవడూ లోపలికి రాకూడదు, రాకూడదు అని. లోపలున్నది బయటికెలా వస్తుందో ఒక్కరూ చెప్పలేదు. ఇవాళ నేను చచ్చిపోయాననుకోండి. నా పాస్‌వర్డ్ నాతో పోతుంది. నా మిషన్ సేఫేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. "సేఫే మేడం, ఎవరూ తెరవలేరు" అన్నాడొకడు.

"అదీ నేనడిగేది" అని కూర్చుండిపోయింది. బహుమతి నాకే ఇచ్చారు, ప్లాస్టిక్ గడియారం. నాకు సంతోషం కలగలేదు.

పిల్లలు వెళ్ళాక కరెంటు పోయింది. ఇద్దరం మేడ మెట్ల మీద కూర్చున్నాం. కింద రోడ్డు మీద ఎండ వాలుతోంది. నేను అడగలేదు. తనంతట తనే చెప్పింది. అంతకుముందు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

"చేపల వేట కలిసొచ్చిన ఏడు మా నాన్న పెంకుటిల్లు కట్టాడు. పల్లె మొత్తానికి ఇనప గడియ ఉన్న తలుపు మాదొక్కటే. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఆ గడియ వేసి, తీసి చూసి వెళ్ళేవారు. ఆ రోజు గాలి మొదలయ్యేసరికి, మీ ఇల్లే గట్టిది అని చుట్టుపక్కలోళ్ళంతా పిల్లల్ని తీసుకుని మా ఇంట్లోకొచ్చారు. నాన్న గడియ వేశాడు. గాలికి తలుపు ఊగుతోందని రోలు దొర్లించుకొచ్చి అడ్డం పెట్టాడు, పెట్టెలు పెట్టాడు. గాలి రాలేదు. నీళ్ళొచ్చినయ్. కిందనించి, గోడ సందుల్లోంచి. బయట అంతకి రెండింతల నీళ్ళు తలుపుని తోస్తంటే గడియ బిగిసిపోతది, ఊడి రాదు తమ్ముడూ. మగాళ్ళంతా లాగారు. మా అమ్మ నన్ను భుజం మీదకెత్తి, పెంకులు తోసి, ఆ కంతలోంచి పైకి నెట్టింది. కంత నాకే సరిపోయింది."

కింద పోతున్న రిక్షా మలుపు తిరిగేదాకా చూసింది.

"పాకల్లో ఉన్నోళ్ళు కొంతమంది బతికారు. పాక గోడలు పోయి కప్పు తేలింది, కప్పు పట్టుకుని తేలారు. అలా ఒక కప్పు నా పక్కనించి పోతంటే ఎవరో లాగారు. పల్లెలో అందరికంటే సేఫ్ ఇల్లు మాదే. మాయింట్లో నేనొక్కదాన్నే." తర్వాత మెల్లగా అంది. "అమ్మ చేతులు గుర్తున్నయ్. నడుం దగ్గర పట్టుకున్న పట్టు ఇప్పటికీ తెలుస్తుంది. మొహమే గుర్తు లేదు."

"పిన్నిగారిని అడగలేకపోయారా అక్కా?"

"ఆ రోజు మాటెత్తితే పిన్ని మూడు పూటలు అన్నం ముట్టదు. ఇంట్లో అమ్మ పేరు ఎత్తకూడదని మేమిద్దరం అనుకోకుండానే అనుకున్నాం. ఆవిణ్ణి ఏడిపించి నేను తెలుసుకునేదేముంది?"

నా ముందు మెట్ల మీద మా రెండు జతల చెప్పులున్నాయి, వీధివైపు చూస్తూ. అక్క లేచి కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఏడు మా విండోస్ మిషన్లన్నిటికీ ఒక వైరస్ సోకింది. పరీక్షలముందు, పిల్లల ప్రాజెక్టులన్నీ అందులోనే. ఒక్క మిషనూ సరిగ్గా లేవడం లేదు. ప్రొప్రయిటరుగారు గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులేసుకుని వచ్చిందెవరో చెప్పమని అందర్నీ బతిమాలుతున్నారు. అక్క ఎత్తిపొడుస్తుందని నేను ఒళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆమె వస్తూనే, "పిల్లల ఫైళ్ళు బయటికొచ్చినయ్యా?" అంది. లేదన్నాను. సీడీ మీద నుంచే నడిచే లైనక్స్ ఒకటి తన సంచీలో ఉండేది. నా మిషన్లు ఒక్కొక్కటీ దాంతో లేపి, జబ్బు అంటకుండా లోపలున్న ఫైళ్ళు తీసి, పిల్లల్ని పిలిచి పిలిచి ఇచ్చింది. పందెం గురించి గానీ, నా ప్లాస్టిక్ గడియారం గురించి గానీ ఒక్క మాట అనలేదు. ఆ రోజు అక్కకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు, టీ తెచ్చి ఇచ్చాను.

కొన్నాళ్ళకి అక్కకి జబ్బు చేసింది, కామెర్లన్నారు. ఆకు మందు మింగింది, తగ్గలేదు. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. నేను చూడ్డానికి వెళ్తే మంచం తలుపు పక్కకి జరిపించుకుని ఉంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. "క్లాసు ఎవరు చూస్తున్నారు?" అంది. నేనే అన్నాను. "లైనక్స్ కూడానా? అయ్యో పాపం పిల్లలు" అంది. నవ్వబోయింది గానీ సొట్ట పడేంత బలం లేదు. తర్వాతి వారం పోయింది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అక్క లేదు కాబట్టి లైనక్స్ కోర్సు తీసేశారు. ఆ మిషన్ తుడిచేసి విండోస్ వేయమని ప్రొప్రయిటరుగారు నాతోనే చెప్పారు. తప్పు ఆయనది కాదు, కొత్త బ్యాచికి మిషన్లు చాలడం లేదు. ఆ మధ్యాహ్నమే పిన్ని వచ్చింది. చెప్పులు లేని కాళ్ళు. మెట్లెక్కి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది.

"నా పిల్ల కూచునే పెట్టె ఏదయ్యా?" అంది. చూపించాను. "మా అక్క ఫొటో దీంట్లో ఉందన్నది. పెద్దకర్మ రేపొస్తంది. పిల్ల ఫొటో ఒకటుంది, పక్కన వాళ్ళమ్మది కూడా పెడదామని. తీసిస్తావా బాబూ?"

కుర్చీ చూపించి కూర్చోమన్నాను. పాస్‌వర్డ్ నాకు తెలియదు. లైనక్స్‌లో ఒక దొడ్డి దారి ఉందని మాత్రం తెలుసు. మిషన్ లేస్తున్నప్పుడు మొట్టమొదట వచ్చే నల్ల తెర మీద ఒక మాట కొడితే, ఏమీ అడక్కుండా రూట్‌గా లోపలికి పంపేస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోయినవాడు తన మిషన్ తను బాగుచేసుకోవడానికి ఉన్న దారి. దానికి కూడా తాళం వేయవచ్చు. వేయాలనే అక్క ప్రతి బ్యాచికీ చెప్పేది, లేకపోతే మిషన్ ముందు కూర్చున్న ఎవడైనా దూరుతాడని. లైనక్స్ మిషన్లన్నిటికీ తన చేత్తోనే వేసింది. నేను ఇదివరకే పందెం కోసం దొంగచాటుగా ఒకదాని మీద ప్రయత్నించి భంగపడ్డాను. ఆమె సొంత మిషన్ ముట్టుకునే ధైర్యం చేయలేదు.

ఆ మాట కొట్టాను. తాళం లేదు. తెర మీద అక్షరాలు గబగబా పైకి పరిగెత్తి ఆగాయి. లోపలున్నాను.

అందరి మిషన్లకీ తాళం వేసి తన దానికి వేయని మనిషి మరిచిపోయి వదల్లేదు. ఆ సంగతి నాకు తెలుసు. పందెం నేను గెలిచాను. గోడవైపు తిరిగి ఏడ్చాను, పిన్ని చూడకుండా.

ఫొటో తెరిచాను. పెళ్ళి పందిరి మెరిసిపోతోంది. తాటాకు ఈనెలు కనబడుతున్నాయి. పెళ్ళికూతురి బాసికం, పక్కనున్న పిల్లల నూనె రాసిన జుట్లు, ఎవరిదో చీర అంచు, అన్నీ నిన్న తీసినట్టున్నాయి. మరకన్నది లేదు. చివర్న నిలబడ్డ ఆమె మొహం మాత్రం స్కాన్ చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక పక్క నవ్వు ఆపుకుంటున్న పెదవి చివర, ఒక కన్ను. రెండో పక్క తెలుపు. ఏళ్ళ తరబడి అక్క అందర్నీ బాగుచేసి, ఆ తెలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఇలాగా పెడతాం?" అంది పిన్ని నీరసంగా.

అక్క వద్దన్న పనే చేశాను, ఇంకో దారి తోచక. బాగున్న సగాన్ని తిరగేసి అతికించాను. మొహం నిండింది. పిన్ని చాలాసేపు చూసింది.

"మా అక్కలాగే ఉంది. కానీ మా అక్క కాదు."

"ఏం తేడా ఉందమ్మా? చెప్పండి, మారుస్తాను."

పిన్ని కుర్చీ ముందుకి జరుపుకుంది. చేపల బుట్ట మోసి మోసి వంగిన వేలు ఒకటి తెరకి ఆనించింది. "ఈ కనుబొమ్మ ఇంత సాపుగా ఉండదు. మజ్జెన తెగి ఉంటది, చిన్నప్పుడు పడవ అంచు తగిలి." చెరిపాను. "కొంచెం కిందికయ్యా. ఆఁ, అక్కడ." మొదలెట్టాక ఆగలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు, చెప్తూనే ఉంది. చెవి దగ్గర జుట్టు ఎలా రేగేదో చెప్పింది, ముక్కు పుడక ఎక్కడుండేదో చెప్పింది. ఇన్నేళ్ళూ ఎత్తని మాటలన్నీ వరసగా వస్తున్నాయి. నేను వేసుకుంటూ పోయాను.

"ఇంకేమన్నా ఉందామ్మా?"

"ఈ బుగ్గన సొట్ట పడేది, నవ్వితే. ఈ పక్కొక్కటే."

ఎడమ బుగ్గ. మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది.

"నా పిల్లకీ అంతేగా. నువ్వు చూళ్ళేదా?" అంది పిన్ని.

చూశాను. మా దగ్గర చదువుకున్న పిల్లలంతా చూశారు, చూడ్డానికి జోకులు కట్టుకుని వచ్చారు. అక్క ఏళ్ళ తరబడి వెతికిన ఆ పక్క, అక్క తప్ప అందరం చూశాం.

బుగ్గ మీద కాస్త నీడ వేశాను. అంతే, మొహం కుదిరింది. పిన్ని రెండు చేతులూ తెరకి చెరో పక్కా పెట్టి, గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుంది. వాళ్ళ అక్కతో అంటోందో, పెంచిన కూతురితో అంటోందో నాకు తెలియదు.

"అడిగితే చెప్పేదాన్ని కదమ్మా" అంది.